చేయెత్తడం: తరగతి గదిలో ఒక సైగ చరిత్ర

ఉపాధ్యాయుడు ప్రశ్న వేస్తాడు. తెలిసినవాళ్ళు చేయెత్తుతారు. ఆయన వారిలో ఒకరి వైపు చూస్తాడు, లేదా పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిల్లవాడు లేచి నిలబడి జవాబు చెబుతాడు. మిగిలిన చేతులు కిందికి దిగుతాయి. బడిలో కొన్నాళ్ళయినా చదివిన వారెవరికీ ఈ దృశ్యాన్ని వివరించనక్కర లేదు. ఇంతగా అలవాటైపోయింది కనుకనే దీనికి ఒక చరిత్ర ఉంటుందన్న ఊహ మనకు రాదు. రాజవంశాలు, యుద్ధాలు, భూమిశిస్తు పద్ధతులు చరిత్ర పాఠాలవుతాయి గాని, పిల్లలు చెయ్యి ఎత్తడం కూడా పాఠమవుతుందా అని మీలో కొందరు అనుకోవచ్చు.

ముందుగా ఈ సైగలోని విచిత్రాన్ని గమనించండి. అంగట్లో కందిపప్పు ధర అడిగేవాడికి ధర తెలియదు. బస్టాండులో దారి అడిగేవాడికి దారి తెలియదు. తరగతి గదిలో మాత్రం ప్రశ్న వేసే మనిషికి జవాబు ముందే తెలుసు. ఆయన అడిగేది తాను తెలుసుకోవడానికి కాదు, ఎవరికి తెలుసో చూడడానికి. అందుచేత చేయెత్తిన పిల్లవాడు ఒక్క కదలికలో మూడు మాటలు చెబుతున్నాడు. నాకు తెలుసు, నాకు మాట్లాడే అనుమతి కావాలి, ఇంతమందిలో నన్ను పిలవండి. ఈ మూడు మాటలూ ఒకేసారి అవసరమయ్యే పరిస్థితి అన్ని కాలాల్లోనూ, అన్ని రకాల బడుల్లోనూ లేదు. ఒక గురువు ముందు అనేకమంది ఒకే పాఠం మీద కూర్చుని ఉండి, అందరికీ కలిపి ఒకే ప్రశ్న పడినప్పుడే అవి అవసరమవుతాయి. ఆ ఏర్పాటు ఎప్పుడు వచ్చిందో వెతికితే చేయెత్తడం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. ఈ పాఠంలో మనం చేయబోయేది ఆ వెతుకులాటే.

ఏథెన్స్ నుంచి వచ్చిందా?

చేయెత్తడం అనగానే ప్రాచీన గ్రీకుల పేరు చెప్పేవారు ఉంటారు. క్రీ.పూ. 5, 4 శతాబ్దాల్లో ఏథెన్స్ పౌరులు ప్నిక్స్ అనే గుట్ట మీద సభ చేరి, చేతులెత్తి ఓటు వేసేవారు. దానిని ఖైరోటోనియా అనేవారు. చేయి చాచడమని ఆ మాటకు అర్థం. సేనాపతులను ఎన్నుకొన్నది ఆ విధంగానే. వేలాది చేతులను ఒక్కొక్కటిగా లెక్కించడం సాధ్యం కాదు కనుక, అధ్యక్షత వహించినవారు కంటిచూపుతోనే ఏ పక్షం ఎక్కువో తేల్చేవారని డెన్మార్కు చరిత్రకారుడు మోగెన్స్ హాన్సెన్ వాదించాడు.

కాని ఇక్కడ ఒక భేదం ఉంది. ఏథెన్స్ సభలో చేయి ఓటు. మాట్లాడడానికి అనుమతి కాదు. ఎవరు మాట్లాడతారని చాటింపుదారు అడిగేవాడు; మాట్లాడదలచినవాడు ముందుకు నడిచి వేదిక ఎక్కేవాడు. మన ఉపసర్పంచి ఎన్నికలోనూ, మండల పరిషత్తు అధ్యక్షుని ఎన్నికలోనూ సభ్యులు చేతులెత్తుతారు. అది ఏథెన్స్ చేతికి చుట్టం. అదే మన లోక్‌సభలో మాట్లాడదలచిన సభ్యుడు తన స్థానంలో లేచి నిలబడి సభాపతి దృష్టిలో పడడానికి ప్రయత్నిస్తాడు. ఓటుకు చేయి ఒకటి, మాటకు అనుమతి అడిగే చేయి మరొకటి. రెండు ఆచారాలు పైకి ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని చెప్పకూడదు. చరిత్ర విద్యార్థులు పరీక్ష జవాబుల్లో తరచుగా చేసే పొరపాటు ఇది. ఏథెన్స్ నుంచి మనం తీసుకోదగినది వేరొకటి ఉంది: ఆ గుట్ట మీద స్త్రీలకు, బానిసలకు, పరదేశుల నుంచి వచ్చి స్థిరపడినవారికి ఎత్తడానికి చెయ్యి లేదు. ఎవరి చెయ్యి లెక్కలోకి వస్తుందన్న ప్రశ్న మనకు మళ్ళీ ఎదురవుతుంది.

వీధిబడిలో చెయ్యి

ఇక మన బడికి వద్దాం. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్లందరినీ తమ తమ జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని ఆదేశించాడు. వచ్చిన నివేదికల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది ఎంతో విలువైనది. కాంప్‌బెల్ తెలుగుకు వ్యాకరణం రాసినవాడు. బడి లోపలికి వెళ్ళి చూసిన మనిషిలాగా రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లా ఈనాటి కన్నడ, తెలుగు ప్రాంతాలు రెండింటినీ కలుపుకొని ఉండేది. జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగు నేర్పేవి, 235 కన్నడం నేర్పేవి. మొత్తం విద్యార్థులు 6,641 మంది, అంటే బడికి సుమారు పన్నెండు మంది. జనాభా తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల పైచిలుకు కనుక, వెయ్యి మందిలో సుమారు ఏడుగురే బడిలో ఉన్నారు.

పన్నెండు మంది అన్న సంఖ్యను గుర్తుంచుకోండి. ఆ పన్నెండు మందీ ఒకే పాఠం చదివేవారు కాదు. కొత్తగా చేరినవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. కొంచెం ముదిరినవాడు తాటాకు మీదనో, నల్లబరచిన గుడ్డతో చేసిన కడితం మీదనో రాసేవాడు. ఇంకొకడు లెక్కలు, మరొకడు పద్యాలు వల్లించేవాడు. సాధారణంగా నాలుగు తరగతులుండేవని, కింది తరగతుల పిల్లలను పెద్ద పిల్లలు చూసుకొనేవారని, పై తరగతిని పంతులు స్వయంగా చెప్పుకొంటూ బడి అంతటి మీదా ఒక కన్ను వేసి ఉంచేవాడని కాంప్‌బెల్ రాశాడు. ఎక్కాలు అందరూ గొంతు కలిపి చదివేవారు. మిగిలినదంతా ఒక్కొక్కరి పాఠం ఒక్కొక్కరిది. పంతులు పిలిచినప్పుడు వెళ్ళి అప్పజెప్పడమే. ఇటువంటి బడిలో చేయెత్తడానికి అవసరమేముంది? వంతు ఎవరిదో ముందే తెలుసు. అందరికీ కలిపి వేసే ప్రశ్న లేదు.

అయితే ఆ బడిలో చేతికి వేరే పనులుండేవి. ఉదయం ఆరు గంటలకు బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న. మెప్పూ లేదు, తప్పూ లేదని దాని భావం. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేవి. చదవనివాడిని రెండు చేతులూ కట్టి కప్పీ మీదుగా పైకప్పుకు వేలాడదీసేవారని కూడా ఆయన రాశాడు. అది కోదండం అని చదువరులు గుర్తు పట్టే ఉంటారు. మోకాళ్ళ మీద కూర్చుని లేచే శిక్ష మరొకటి. మన గుంజీళ్ళకు దగ్గరి చుట్టం. దీనిని చెబుతూ ఆ దొర, బాధాకరమే గాని ఒంటికి మంచిదేమో అని ఒక మాట కలిపాడు. శిక్షను దూరం నుంచి చూసేవారికి అటువంటి ఆలోచనలు తోస్తాయి.

వీధిబడుల గురించి మన వాళ్ళలో రెండు అతివాదాలున్నాయి. ఆంగ్లేయులు రాకముందు ఊరూరా చదువు వెల్లివిరిసిందని కొందరు, అవి బడులే కావని కొందరు. కాంప్‌బెల్ నివేదికను పూర్తిగా చదివితే రెండూ నిలవవు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతిని ఆయన మెచ్చుకొన్నాడు, ఇంగ్లండు దానిని అనుకరించడం సబబే అన్నాడు. అదే నివేదికలో, పిల్లలు అర్థం తెలియని పద్యాలను వల్లెవేయడాన్ని తప్పుపట్టాడు. అన్నిటికంటే ముఖ్యంగా, పేద కుటుంబాలు పిల్లల లేత చేతులను పనికి పెట్టక తప్పని స్థితిలో ఉన్నాయని రాశాడు. ఆ 6,641 మందిలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174 మంది బాలురు, ముస్లిములు 243 మంది. బాలికలు కేవలం 60 మంది.

ఎగ్మూరు నుంచి లండనుకు

ఇంగ్లండు అనుకరించడమంటే ఏమిటో చెప్పాలి. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కోసం ఒక శరణాలయం ఉండేది. 1789లో దాని పర్యవేక్షకుడుగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోని ఉపాధ్యాయులు ఆ పద్ధతికి సహకరించకపోవడంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేత చిన్న తరగతికి అక్షరాలు చెప్పించాడు. అది ఫలించింది. 1797లో లండనులో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకంతో దానికి మద్రాసు పద్ధతి అని పేరు వచ్చింది. 1798లో లండను సౌత్‌వార్క్‌లో బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్ ఇటువంటి పద్ధతినే ఇంకా పెద్ద ఎత్తున నడిపాడు. మానిటర్ల సాయంతో ఒక్క ఉపాధ్యాయుడు వెయ్యి మందికి చెప్పగలడన్నది వారి ప్రచారం.

వెయ్యి మంది ఉన్న హాలులోనూ చేయెత్తి జవాబు చెప్పే అవసరం రాలేదు. ఎందుకంటే అక్కడ జవాబు వరుసలో వచ్చేది. ఎనిమిది పది మంది పిల్లలు గోడకు వేలాడే పాఠం అట్ట చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడతారు. మానిటరు మొదటివాడిని అడుగుతాడు. వాడు తప్పితే రెండవవాడు, వాడూ తప్పితే మూడవవాడు. సరిగా చెప్పినవాడు తప్పినవాళ్ళను దాటి పైస్థానానికి జరుగుతాడు. పలకలు చూపడం, చేతులు వెనక్కి కట్టుకోవడం వంటివన్నీ హుకుం మీద జరిగేవి. తెలుసా తెలియదా అన్నది నీ ఇష్టంతో పని లేకుండా నీ వంతు వచ్చినప్పుడు బయటపడుతుంది. నాకు తెలుసు అని ముందుకు రావడానికి అక్కడ చోటు లేదు. తెలియదని దాక్కోవడానికీ లేదు. ఈ రెండవ సంగతి ముందు ముందు మనకు పనికివస్తుంది.

సాగన్ మఠాధిపతి

అందరికీ కలిపి ఒకే పాఠం చెప్పే పద్ధతి యూరపులో వేరే దారిలో పెరిగింది. ఫ్రాన్సులో జాన్ బాప్టిస్ట్ ద లా సాల్ 1680 ప్రాంతంలో స్థాపించిన సోదర సంఘం బడుల్లో తరగతి అంతా ఒకే పుస్తకంలో ఒకే వాక్యం మీద దృష్టి పెట్టేది. ఉపాధ్యాయుడు సాధ్యమైనంత తక్కువ మాట్లాడాలని ఆ సంఘం నియమం. సిగ్నల్ అనే చిన్న పనిముట్టు చప్పుడుతోనూ, సైగలతోనూ తరగతి నడిచేది. 1720లో అచ్చయిన వారి నియమావళిలో ఇవన్నీ ఉన్నాయి. మౌనవ్రతం పాటించే మఠాల్లో సన్యాసులు చేతిసైగలతో మాట్లాడుకొనే ఆచారం అప్పటికే శతాబ్దాల నాటిది. బడి కూడా మౌనాన్ని పాటించవలసిన చోటు అనుకొన్నప్పుడు సైగలు దానంతట అవే వస్తాయి.

మన బడుల్లోనూ ఇందుకు సాక్ష్యం ఉంది, అది మన భాషలోనే ఉంది. బయటికి వెళ్ళడానికి పంతులును అడిగే పిల్లవాడు ఒక వేలు చూపిస్తాడు, లేదా రెండు. ఒంటికి, రెంటికి అన్న మాటలు, ఒంటేలు అన్న మాట ఆ వేళ్ళ లెక్కను నేటికీ మోస్తున్నాయి. సిగ్గుపడవలసిన విషయాన్ని నలుగురిలో నోటితో చెప్పకుండా చేతితో చెప్పే సదుపాయం అది. గమనించండి, ఇక్కడ పిల్లవాడు అడుగుతున్నది తన అవసరం కోసం. జవాబు కోసం ఎత్తే చెయ్యి గురువు అవసరం కోసం.

ఆ చెయ్యి ఎక్కడిదో వెతకాలంటే జర్మన్ ప్రాంతాలకు పోవాలి. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1763లో గ్రామీణ పాఠశాలల శాసనం చేశాడు. రెండేళ్ళ తరువాత సైలీషియాలోని కాథలిక్కు బడుల కోసం వచ్చిన శాసనాన్ని రూపొందించినవాడు సాగన్ పట్టణ మఠాధిపతి యోహాన్ ఇగ్నాజ్ ఫెల్బిగర్. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. అప్పటిదాకా అక్కడి పల్లెబడి కూడా మన వీధిబడి వంటిదే. పిల్లలు ఒక్కొక్కరే గురువు బల్ల దగ్గరికి వెళ్ళి అప్పజెప్పేవారు, మిగిలినవారు అల్లరి చేసేవారు. ఫెల్బిగర్ సమాన స్థాయి పిల్లలను ఒక చోట కూర్చోబెట్టి, అందరికీ ఒకేసారి చెప్పించాడు. అందరి చేతా కలిపి చదివించాడు. నల్లబల్ల మీద విషయాన్ని పట్టికలుగా రాయించాడు. పాఠం తరువాత ప్రశ్నలు వేయించాడు. పిల్లలు చేయెత్తి అనుమతి అడగాలన్న నియమాన్ని ఈ సాగన్ పద్ధతితో ముడిపెట్టే చరిత్రకారులున్నారు. 1774లో ఆస్ట్రియా సామ్రాజ్ఞి మరియా థెరీసా ఫెల్బిగర్‌ను వియన్నాకు పిలిపించుకొంది. ఆ ఏడాది డిసెంబరులో వెలువడిన సార్వత్రిక పాఠశాల శాసనం ఆయన రాసినదే. దానితో పాటు ఈ పద్ధతి మధ్య యూరపులో ఊరూరికీ చేరింది.

ఇది క్రమశిక్షణ కోసమే వచ్చిందని చెబితే సగమే చెప్పినట్లు. బెత్తంతో నిశ్శబ్దం తేవచ్చు. కాని నిశ్శబ్దంగా కూర్చున్న ముప్పై మందిలో ఎవరు వింటున్నారో, ఎవరు నిద్రపోతున్నారో బెత్తం చెప్పలేదు. ఒకరి పాఠం ఒకరిదైన బడిలో గురువుకు ఆ సందేహమే రాదు. అందరికీ ఒకే పాఠం అయినప్పుడు శ్రద్ధ అనేది కంటికి కనబడవలసిన వస్తువయింది. ఎత్తిన చేతులు గురువుకు ఒక్క చూపులో లెక్క చెబుతాయి. పిల్లవాడు తానుగా, ఇష్టంగా ముందుకు వచ్చినట్లు కనిపిస్తాడు. అదే సమయంలో పిలిచేదాకా ఆగుతాడు. ఉత్సాహాన్ని, నిగ్రహాన్ని ఒకే భుజం మీద మోయించిన ఏర్పాటిది. కొత్తగా తయారవుతున్న రాజ్యాలకు ఇటువంటి పౌరులే కావలసి వచ్చారు.

ఏ దేశం ఆ చేతిని ఎలా దిద్దుకొందో చూడడం సరదాగా ఉంటుంది. ఫ్రెంచి భాషలో చెయ్యి కాదు, వేలు ఎత్తడం అంటారు. జర్మన్ పిల్లలు చూపుడు వేలు పైకి చూపుతారు. రష్యన్ బడిలో మోచేతిని బల్ల మీద ఆనించి ముంజేతిని మాత్రమే నిలువుగా లేపమని నేర్పుతారు. జపాను పిల్లలు చేతిని నిటారుగా చాచి గట్టిగా పలుకుతారు. మన పిల్లలు చెయ్యెత్తి, చాలక సగం లేచి, సార్ సార్ అని అరుస్తారు. వద్దని చెప్పని ఉపాధ్యాయుడు లేడు. మానిన తరగతీ లేదు.

1854

బ్రిటనులో మానిటర్ల పద్ధతి 1830ల నుంచి వెనకబడింది. గ్లాస్గోలో డేవిడ్ స్టో మెట్లమెట్లుగా కట్టిన గ్యాలరీలో పిల్లలను కూర్చోబెట్టి, ఒక్క ఉపాధ్యాయుడే అందరి ముఖాలూ చూస్తూ ప్రశ్నలతో పాఠం నడిపే పద్ధతిని ప్రచారం చేశాడు. ప్రష్యా, హాలండు, స్విట్జర్లాండు బడులను చూసి వచ్చిన జేమ్స్ కే షటిల్‌వర్త్ 1840లో బాటర్‌సీలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల పెట్టాడు. మానిటరు పోయి, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు వచ్చాడు. అర్ధచంద్రాకారపు వరుస పోయి, ఎదురుగా బెంచీలు వచ్చాయి. వరుస పోయింది కనుక వంతు కూడా పోయింది. ఇక ఎవరు చెప్పాలన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి.

ఆ నిర్ణయం ఎలా ఉండేదో చార్లెస్ డికెన్స్ 1854లో రాసిన హార్డ్ టైమ్స్ నవల మొదట్లో కనిపిస్తుంది. గ్రాడ్‌గ్రైండ్ అనే పెద్దమనిషి తరగతిలో ఒక బాలికను వేలితో చూపించి, పేరుతో కాక ఇరవయ్యో నంబరుగా పిలిచి, గుర్రమంటే ఏమిటో నిర్వచించమంటాడు. ఆమె తండ్రి సర్కసులో గుర్రాలతో బతికేవాడు. గుర్రాల మధ్య పెరిగిన పిల్ల నోరు మెదపలేకపోతుంది. మరొక కుర్రవాడు పళ్ళ లెక్కతో సహా నిర్వచనం గడగడా అప్పజెబుతాడు. కల్పనే అయినా తరగతి గది స్వభావాన్ని దీనికంటే బాగా చూపిన పుటలు నేను చదవలేదు. తెలియడం వేరు, అడిగిన రూపంలో తెలియడం వేరు.

అదే సంవత్సరం జులైలో భారతదేశానికి సంబంధించిన ఉడ్ తాఖీదు వెలువడింది. ప్రతి రాష్ట్రానికీ విద్యాశాఖ, తనిఖీదారులు, ప్రైవేటు బడులకు గ్రాంటు, ఉపాధ్యాయులకు నార్మల్ స్కూళ్ళు అందులోని ఏర్పాట్లు. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు మొదలయింది. సైదాపేట ఉపాధ్యాయ కళాశాలకు మూలం అదే. మిషనరీల బడులు అంతకుముందే ఉన్నాయి. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి 1843 నాటిది. బెంచీలు, నల్లబల్ల, గడియారం, హాజరుపట్టీ, తరగతి వారీ పుస్తకం మన ఊళ్ళకు ఈ దారిలో వచ్చాయి. ప్రశ్న అందరికీ వేయాలి, జవాబు ఒక్కరి చేత చెప్పించాలి, మూకుమ్మడి జవాబులు రానీయకూడదన్నది శిక్షణలో నేర్పే సూత్రమయింది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు మీలో ఉంటే ఈ సూత్రాన్ని వెంటనే గుర్తుపడతారు. నమూనా పాఠం చెప్పే రోజున పరిశీలకుడు వెనక కూర్చుని ముందుగా చూసేది అదే.

అయినా వీధిబడి ఒక్కసారిగా మాయం కాలేదు. ఎక్కాలు ఇప్పటికీ గొంతు కలిపే చదువుతున్నారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చున్నప్పుడు, రెండో తరగతికి లీడరు చెబుతుంటాడు, పంతులు ఐదో తరగతికి చెబుతూ ఒక కన్ను ఇటు వేసి ఉంచుతాడు. కాంప్‌బెల్ చూసినది దాదాపు ఇదే.

ఎవరి చెయ్యి

చేయెత్తే పద్ధతికి ఒక వాగ్దానం ఉంది: ఎవరైనా ఎత్తవచ్చు, ఎవరినైనా పిలవవచ్చు. తరగతి గదిలో కూర్చునే హక్కే లేనివారికి ఆ వాగ్దానం వర్తించలేదు. మన తొలి తెలుగు బాలికా పాఠశాలల్లో ఒకటి కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో పెట్టినది. దానికి ఊళ్ళో ఎదురైన వ్యతిరేకత మీకు మరొక పాఠంలో వస్తుంది. దళిత బాలల విషయంలో గదిలోకి రానిచ్చినా గీత చెరగలేదు. డాక్టర్ అంబేద్కర్ తన చిన్ననాటి బడి గురించి వెయిటింగ్ ఫర్ ఎ వీసా అనే స్వీయ కథనంలో రాశారు. ఇతర పిల్లలతో కలిసి కాక విడిగా, ఇంటి నుంచి తెచ్చుకొన్న గోనెపట్టా మీద ఆయన కూర్చోవలసి వచ్చింది. దాహం వేస్తే మిగిలిన పిల్లలు ఉపాధ్యాయుని అనుమతితో వెళ్ళి కుళాయి తిప్పుకొని తాగేవారు. ఆయనకు అనుమతి ఒక్కటే చాలదు. కుళాయి తిప్పడానికి ప్యూను ఉండాలి. ప్యూను లేని రోజున నీళ్ళు లేవు.

ఈ ఉదంతాన్ని చేయెత్తడం చరిత్రలో ఎందుకు చేర్చానంటే, సైగ ఒకటే అయినా దాని విలువ అందరికీ ఒకటి కాదని ఇది చూపుతుంది. ఒక పిల్లవాడి అనుమతి గురువు తల ఊపితే పూర్తవుతుంది. మరొక పిల్లవాడి అనుమతి మొత్తం సంఘం తల ఊపితే గాని పూర్తి కాదు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ పాఠశాలలు స్థాపించడానికి కారణం ఈ అనుభవంలోనే ఉంది. పిల్లవాడు తలెత్తుకొని కూర్చోగల బెంచీ ముందు ఉండాలి, చెయ్యి సంగతి ఆ తరువాత.

చట్టాలు మారాయి. ఇప్పుడు గదిలో అందరూ ఉన్నారు. అయినా ఏ తరగతిలోనైనా పది నిమిషాలు వెనక కూర్చుని చూడండి. లేచే చేతులు మళ్ళీ మళ్ళీ అవే. అమెరికాలో రోమియట్ స్టీవెన్స్ అనే పరిశోధకురాలు 1912లోనే తరగతి గదుల్లో కూర్చుని ఉపాధ్యాయులు నిమిషానికి రెండు మూడు ప్రశ్నల చొప్పున కురిపిస్తున్నారని లెక్క కట్టింది. 1970ల్లో అదే దేశంలో మేరీ బడ్ రో టేపురికార్డులు విని, ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు ఆగే వ్యవధి సుమారు ఒక్క సెకను అని చూపింది. దానిని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా వచ్చాయి, అంతదాకా మాట్లాడని పిల్లలు మాట్లాడారు. ఒక్క సెకనులో లేచే చెయ్యి ఆలోచించిన చెయ్యి కాదు, ముందే సిద్ధంగా ఉన్న చెయ్యి. ఇంట్లో చదువు ఉన్నవాడు, ఉపాధ్యాయుడి భాషే ఇంట్లో మాట్లాడేవాడు ఆ సెకనులో గెలుస్తాడు. ఇరవయ్యో నంబరు బాలిక ఓడిపోతుంది.

బ్రిటనులో డిలన్ విలియం అనే విద్యావేత్త అసలు చేతులే ఎత్తవద్దన్నాడు. ఐస్‌క్రీం పుల్లల మీద పిల్లల పేర్లు రాసి, డబ్బాలో వేసి, ఏ పుల్ల వస్తే వారిని అడగమన్నాడు. 2010లో బీబీసీ ఒక తరగతిలో దీనిని ప్రయోగించి చూపింది. ఎప్పుడూ చేయెత్తే పిల్లలకు అది నచ్చలేదు. ఇందులో కొత్త ఏమీ లేదని నాకు అనిపిస్తుంది. దాక్కోవడానికి వీలులేని లాంకాస్టరు వరుసనే పుల్లల రూపంలో తిరిగి తెచ్చారు. వీధిబడి పంతులుకు ఈ తంటా లేదు. ఆయన పన్నెండు మందినీ రోజూ ఒక్కొక్కరినే వినేవాడు.

మీ విషయానికి వస్తాను. దూరవిద్యలో ఏడాదిలో చాలా రోజులు మీ ముందు గురువు ఉండడు, చేయెత్తే అవసరమూ రాదు. ఆదివారం సంపర్క తరగతుల్లో మాత్రం వస్తుంది. ఒక ఆదివారం నేను కాంప్‌బెల్ నివేదిక చెబుతూ, ఊళ్ళో బడి ఉన్నా వెయ్యిలో సుమారు ఏడుగురే ఎందుకు చేరారని అడిగాను. నలభై మంది ఉన్నారు. కండక్టర్లు, లైన్‌మన్లు, గృహిణులు. ఒక్క చెయ్యి లేవలేదు. నేనే జవాబు చెప్పి ముందుకు సాగాను. టీ విరామంలో ఒక అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి వచ్చి, "కలుపుతీతల రోజుల్లో మా ఊళ్ళో బడి ఇప్పటికీ సగం ఖాళీయే సార్, అప్పుడూ అదే అయివుంటుంది కదా" అంది. మరి అక్కడ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చేయెత్తితే లేచి నిలబడాలి కదండీ. తప్పయితే ఈ వయసులో నలుగురిలో ఎట్లా" అంది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేను ఆ మాట విన్నది అప్పుడే. ఆ తరువాతి తరగతుల్లో ప్రశ్న వేశాక రెండు నిమిషాలు ఆగి, పేరు రాయనక్కర లేకుండా చీటీల మీద జవాబు రాయించి, వాటిని నేనే పైకి చదివాను. చేతివ్రాత కొంత ఇబ్బంది పెట్టింది గాని, తరగతి రెండు గంటలకు బదులు మూడు గంటలు సాగింది.

ఈ పాఠానికి అనుబంధంగా మీరు చేయదగిన పని ఒకటుంది. సైగలు దస్తావేజుల్లో అరుదుగా నమోదవుతాయి. మనుషుల జ్ఞాపకాల్లో ఉంటాయి. మీ ఇంట్లోనో ఊళ్ళోనో డెబ్బై దాటినవారు ఇద్దరిని, వీలైతే ఒక పురుషుడిని, ఒక స్త్రీని, వారి బడి గురించి అడగండి. పంతులు ప్రశ్న ఎలా వేసేవాడు, జవాబు చెప్పేవారిని ఎలా పిలిచేవాడు, ఎవరు ఎక్కడ కూర్చునేవారు, నీళ్ళకు ఎలా వెళ్ళేవారు, ఎప్పుడైనా చేయెత్తారా, ఎత్తితే పిలిచారా. బడికే పోనివారు తటస్థపడితే వారిని వదలకండి. వారు చెప్పినది వారి మాటల్లోనే రాసి, పక్కన ఊరి పేరు, సుమారు సంవత్సరం వేసి సంపర్క తరగతికి తీసుకురండి.